ఫ్లెక్స్, వినైల్ ప్రింటింగ్ మెషీన్: హెడ్ పది కాలాలు నిలవాలంటే

రోల్ మీద ఫ్లెక్స్, వినైల్ ప్రింట్ చేసే పెద్ద మెషీన్‌లో అన్నిటికన్నా ఖరీదైనదీ, అన్నిటికన్నా సుకుమారమైనదీ ప్రింట్ హెడ్. దాని అడుగు పలకలో ఇంక్ చిమ్మే ఒక్కో నాజిల్ రంధ్రం సుమారు 20 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో మూడో వంతు. డీఎక్స్5 హెడ్‌లో అలాంటివి 1,440 ఉంటాయి, ఐ3200 హెడ్‌లో 3,200. వయసైపోయి పనికిరాకుండా పోయే హెడ్లు తక్కువే. ఎక్కువ హెడ్లు మూడు రకాలుగా పోతాయి: ఇంక్ ఎండి నాజిళ్లు మూసుకుపోవడం, మీడియా (ప్రింట్ పడే ఫ్లెక్స్ లేదా వినైల్) లేచి హెడ్‌కు గీసుకోవడం, కేబుల్ దగ్గర షార్ట్ అవడం. మూడూ మెషీన్ నడిపేవాళ్ల చేతిలో ఉన్నవే. కింద చెప్పిన పనుల్లో చాలావరకు ఈ మూడింటిని ఆపడానికే.

ఇదంతా సాల్వెంట్ (ఆవిరైపోయే రసాయన ద్రావణం), ఎకో సాల్వెంట్ (ఘాటు తక్కువైన సాల్వెంట్) ఇంక్‌తో నడిచే మెషీన్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. యూవీ మెషీన్లకు (ల్యాంప్ వెలుగుతో ఇంక్ గట్టిపడేవి) తేడా ఉన్నచోట విడిగా చెప్పాం. మీ మెషీన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

గది, గాలి, కరెంట్

గది వేడి 20 నుంచి 28 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. తేమ బాగా తగ్గితే రోల్ విప్పుకునేటప్పుడు మీడియా మీద స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పుడుతుంది. ఇంక్ చుక్కలు పడాల్సిన చోట పడవు, అక్షరాల అంచుల చుట్టూ పొగలా ఇంక్ తుంపర కనిపిస్తుంది, దుమ్ము లాక్కుని అంటుకుంటుంది. నాజిళ్లు కూడా త్వరగా ఎండుతాయి. గోడకు ఒక తేమ మీటర్ తగిలించి ఉంచండి. స్టాటిక్ అనుమానం వస్తే ముందు దాని వైపు చూడాలి.

సాల్వెంట్ ఆవిరి గాలి కన్నా బరువైనది, కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది. అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైకప్పు దగ్గర ఒక్కటే ఉంటే చాలదు. నేలకు దగ్గరగా ఇంకొకటి ఉండాలి. ఏసీ ఉంది కదా అని ఊరుకోవద్దు, అది గదిలో గాలినే తిప్పి చల్లబరుస్తుంది తప్ప ఆవిరిని బయటికి పంపదు. ఫ్యాన్ గాలి మాత్రం నేరుగా హెడ్ మీదికి, క్యాపింగ్ (పని లేనప్పుడు హెడ్‌ను మూసి ఉంచే రబ్బరు అంచు క్యాప్ ఉన్న చోటు) వైపుకి కొట్టకూడదు.

ఎర్తింగ్ సంగతి ఎక్కువమంది తేలిగ్గా తీసుకుంటారు. మెషీన్‌కు విడిగా ఎర్త్ గుంట తీయించండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజ్ కొలవండి, 2 వోల్టుల లోపు ఉంటే మంచిది. ఎండాకాలంలో గుంట ఎండిపోయి ఈ అంకె పెరుగుతుంది, కాబట్టి నెలకోసారి కొలిచి రాసుకోవాలి. ఎర్త్ సరిగా లేకపోతే స్టాటిక్ పోవడానికి దారి ఉండదు. అది చివరికి హెడ్ బోర్డు మీదో, యూఎస్‌బీ కేబుల్ మీదో పడుతుంది. ప్రింట్ మధ్యలో కంప్యూటర్‌కూ మెషీన్‌కూ సంబంధం తెగిపోతూ ఉంటే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించే ముందు ఎర్త్ చూడండి.

మెషీన్ ఎలక్ట్రానిక్స్‌ను, కంప్యూటర్‌ను ఆన్‌లైన్ యూపీఎస్ మీద పెట్టండి. హీటర్లు చాలా కరెంట్ లాగుతాయి, అందుకే చాలా మెషీన్లకు హీటర్ల కోసం విడిగా ఇంకో పవర్ వైర్ ఉంటుంది. దాన్ని నేరుగా మెయిన్ లైన్‌కే ఇవ్వండి. హీటర్లను కూడా యూపీఎస్ మీద వేస్తే కరెంట్ పోయినప్పుడు క్యారేజ్ (హెడ్‌ను మోస్తూ అటూ ఇటూ తిరిగే భాగం) హోమ్‌కు, అంటే క్యాప్ ఉన్న తన చోటుకు చేరేలోపే బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

ఒంటికి సంబంధించినవి

ప్రింట్ నడుస్తున్నప్పుడు క్యారేజ్ సెకనుకు దాదాపు మీటరు వేగంతో వెళ్తుంది. వెనకాల సర్వో మోటారు ఉంది, చెయ్యి అడ్డం వచ్చినా అది ఆగదు. మీడియా మీద ధూళి కనిపించిందని ప్రింట్ మధ్యలో చెయ్యి పెట్టకండి, పాజ్ చేసి క్యారేజ్ పక్కకు వెళ్లాకే తుడవండి. వేలాడే చున్నీ, ఐడీ కార్డు తాడు, పొడవు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు ప్రింట్ అయినదాన్ని చుట్టే టేకప్ రోలర్‌కు చుట్టుకుంటాయి. కవర్ తెరిస్తే మెషీన్‌ను ఆపే సెన్సర్‌కు అయస్కాంతం అంటించి, టేపు వేసి మోసం చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ ఎక్కడుందో కొత్తగా చేరిన మనిషికి మొదటి రోజే చూపించి, ఒకసారి నొక్కించి, మళ్లీ ఎలా విడిపించాలో కూడా చేయించండి.

మంటల విషయం. ఎకో సాల్వెంట్ ఇంకులు కాస్త నయం. గట్టి సాల్వెంట్ ఇంకుల్లో, వాటి క్లీనింగ్ ద్రావణాల్లో తరచుగా ఉండే సైక్లోహెక్సనోన్ మాత్రం సుమారు 44 డిగ్రీలకే నిప్పు అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ప్రింట్‌ను ఆరబెట్టే ముందువైపు హీటర్ 50 డిగ్రీల్లో ఉంటుందని గుర్తుపెట్టుకుంటే ఆ అంకె ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. గదిలో సిగరెట్, అగరొత్తి, గ్రైండర్, వెల్డింగ్ ఏవీ వద్దు. ఫ్లెక్స్ అతికించే హాట్ ఎయిర్ గన్‌ను కూడా ఇంక్ డబ్బాలున్న గదిలో వాడకండి. ఇంక్ తుడిచిన గుడ్డలను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి రోజూ ఖాళీ చేయండి. డ్రై పౌడర్ లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తలుపు దగ్గర ఉండాలి, మెషీన్ వెనక కాదు. సాల్వెంట్ మంట మీద నీళ్లు పోస్తే మంట నీటితోపాటు పాకుతుంది.

చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. సన్నటి గ్లవ్స్ సైక్లోహెక్సనోన్‌ను ఎక్కువసేపు ఆపలేవు, తడిసిన జతను అప్పుడే పడేసి కొత్తది తొడగాలి. సిరంజీతో హెడ్ కడిగేటప్పుడు ట్యూబ్ ఊడి ద్రావణం కళ్లలో చిమ్మడం తరచూ జరిగే ప్రమాదం. ఆ పనికి కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే 15 నిమిషాలపాటు నీళ్ల ధార కింద కడిగి, ఇంక్ సేఫ్టీ షీట్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

యూవీ మెషీన్ అయితే రెండు విషయాలు అదనం. ఆరని యూవీ ఇంక్ పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ వస్తుంది. ఒకసారి వచ్చాక ఆ ఇంక్ కొద్దిగా తగిలినా దద్దుర్లు లేస్తాయి, ఆ అలర్జీ ఇక పోదు. రెండోది, ల్యాంప్ వెలుగును నేరుగా చూడకూడదు. మెరిసే మీడియా మీదినుంచి ఎగిరి వచ్చే వెలుగు కూడా నాజిళ్ల మీద పడితే వాటిలోని ఇంక్‌ను గట్టిపరుస్తుంది. అలా గట్టిపడ్డది ఏ ద్రావణానికీ తిరిగి కరగదు.

ఉదయం ఆన్ చేసేటప్పుడు

పవర్ ఇచ్చేముందు ప్లాటెన్ (హెడ్ కింద మీడియా జరిగే బల్ల) మీద కట్టర్ బ్లేడు, టేపు, ఎలెన్ కీ ఏమైనా మర్చిపోయారేమో ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడండి. ఆన్ చేయగానే క్యారేజ్ తనంతట తాను కదిలి హోమ్ వెతుక్కుంటుంది, అప్పుడు దారిలో ఏదున్నా హెడ్ దాన్ని ఢీకొంటుంది. ట్యాంకుల్లో ఇంక్, వేస్ట్ బాటిల్‌లో ఖాళీ చూడండి. హీటర్లు వేడెక్కడానికి 10, 15 నిమిషాలు పడుతుంది. ఆలోపు నాజిల్ చెక్ (ఏ నాజిళ్లు పనిచేస్తున్నాయో చూపే పరీక్ష ప్రింట్) తీయండి.

నాజిల్ చెక్ నిండుగా వస్తే క్లీనింగ్ (పంపుతో నాజిళ్లలోంచి ఇంక్ లాగించడం) కొట్టకండి. పొద్దున్నే మూడు క్లీనింగ్‌లు కొట్టాకే పని మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. దానివల్ల ఇంక్ పోతుంది, పంపు ట్యూబ్ అరుగుతుంది, లాభం ఏమీ లేదు. ఒకటి రెండు నాజిళ్లు లేకపోతే ఒక్క నార్మల్ క్లీనింగ్ చాలు. మూడు క్లీనింగ్‌ల తర్వాత కూడా రాకపోతే ఆపేయండి. హెడ్‌ను క్యాప్ మీద అరగంట ఉంచి మళ్లీ చెక్ తీయండి. వెంట వెంటనే కొడుతూ పోతే డ్యాంపర్‌లో (హెడ్‌కు వెళ్లే ఇంక్‌ను వడకట్టే చిన్న డబ్బా) నురుగు చేరి ఉన్న నాజిళ్లు కూడా పోతాయి.

తెల్ల ఇంక్ ఉన్న మెషీన్‌లో ఆ సీసాను లేదా కార్ట్రిడ్జ్‌ను రోజూ మెల్లగా అటూ ఇటూ వంచి కలపాలి. తెలుపు రంగు పిగ్మెంట్ బరువైనది, అడుగున కూర్చుంటుంది.

రోల్ ఎక్కించడం

హెడ్‌కు మీడియా తగలడం దాదాపు ఎప్పుడూ ఇక్కడ చేసిన తప్పుతోనే మొదలవుతుంది. అందుకే ఈ పనికి తొందర పనికిరాదు.

ముందు బరువు. 3.2 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు, 340 జీఎస్ఎం (చదరపు మీటరుకు 340 గ్రాములు) ఫ్లెక్స్ రోల్ 54 కిలోలు దాటుతుంది. ఒక్కరు ఎత్తే బరువు కాదు. ఇద్దరు చెరో కొస పట్టుకుని, నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తాలి. ఫ్లెక్స్ రోల్‌ను నిలబెట్టి దాచకండి, కింది అంచు నలిగి అలలు పడుతుంది. ఆ అలే రేపు హెడ్ కిందికి వచ్చి తగులుతుంది. వినైల్ రోల్‌ను వాడే ముందు రోజే ప్రింటింగ్ గదిలోకి తెచ్చి పెట్టండి, గది వేడికి, తేమకు సర్దుకుంటుంది.

రోల్‌ను షాఫ్ట్ మధ్యకు తెచ్చి రెండు వైపులా బిగించాక, మీడియా ముందు అంచును తిన్నగా కత్తిరించండి. మీడియాను పైనుంచి నొక్కి పట్టే పించ్ రోలర్లు అన్నీ లేపి, వెనక నుంచి తోసి ముందు నుంచి లాగండి, వెడల్పంతా ఒకే బిగువుతో రావాలి. రెండు చివర్ల పించ్ రోలర్లు మీడియా అంచుకు 1 సెంటీమీటరు లోపలికి ఉండాలి. సరిగ్గా అంచు మీద పడితే అంచును నలుపుతాయి. అంచులు నొక్కిపెట్టే రేకు క్లిప్పులు పెట్టాక వాటి మీదికి ప్రింట్ వెడల్పు రాకుండా సాఫ్ట్‌వేర్‌లో మార్జిన్ వదలండి. ఆ క్లిప్పు కూడా హెడ్‌ను గీయగలదు.

ఇప్పుడు ప్రింట్ లేకుండా 2 మీటర్లు ఫీడ్ చేసి అంచు ఎటు జరుగుతోందో చూడండి. 2 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ జరిగితే విప్పి మళ్లీ ఎక్కించండి. సరే అని వదిలేస్తే 50 మీటర్ల చివరికి అది 5 సెంటీమీటర్లు అవుతుంది, దారిలో ఎక్కడో ముడత లేస్తుంది.

ఫ్లెక్స్ రోల్స్‌లో కొన్నిటికి మధ్యలో అతుకు ఉంటుంది. రోల్ పక్కన ఒక కాగితం ముక్క బయటికి కనిపించేలా పెట్టి ఉంటే అది అతుకు గుర్తు. అక్కడికి వచ్చేముందు ప్రింట్ ఆపి, అతుకు దాటించి మళ్లీ మొదలుపెట్టాలి.

హెడ్ ఎత్తు వినైల్‌కు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు, ఫ్లెక్స్‌కు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు. గేజ్‌తో క్యారేజ్‌ను ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా కొలవండి, ప్లాటెన్ అన్నిచోట్లా సమంగా ఉండకపోవచ్చు. భయంతో మరీ పైకి ఎత్తినా నష్టమే: చుక్క ఎక్కువ దూరం ప్రయాణించి పక్కకు పోతుంది, చిన్న అక్షరాలు మసకబారుతాయి. ఎత్తు మార్చిన ప్రతిసారీ బై డైరెక్షన్ క్యాలిబ్రేషన్ (క్యారేజ్ వెళ్తూ, వస్తూ వేసే చుక్కలు ఒకేచోట పడేలా సర్దడం) మళ్లీ చేయాలి.

ఇంత చూసినా తగిలితే, టకటక శబ్దం వినగానే ఎమర్జెన్సీ స్టాప్ నొక్కండి. మీడియాను లాగకండి, హెడ్ అడుగున ఇరుక్కుని ఉంటే ఆ లాగడమే గీతలు పెడుతుంది. పవర్ తీసి, క్యారేజ్ ఎత్తు పెంచి, అడ్డం వచ్చిన చోట మీడియా కత్తిరించి తీయండి. క్యారేజ్‌ను చేత్తో మెల్లగా క్యాప్ మీదికి చేర్చండి. తర్వాత నాజిల్ చెక్‌లో గీతలు ఉన్నాయి గానీ వంకరగా పడుతున్నాయంటే పలక దెబ్బతిన్నదో, అక్కడ పీచు అంటుకుందో అన్నమాట. పీచైతే ఒకటి రెండు క్లీనింగ్‌లకు పోతుంది.

వేడి, స్టెప్, గీతలు

హీటర్లు వినైల్‌కు వెనక, మధ్య 35 నుంచి 40 డిగ్రీలు, ముందు 45 నుంచి 50 డిగ్రీలు పెట్టి మొదలుపెట్టండి. ఫ్లెక్స్‌కు మొత్తంగా కొంచెం తగ్గించవచ్చు. వేడి ఎక్కువైతే మీడియా సాగి, ఉబ్బి పైకి లేస్తుంది. తక్కువైతే ఇంక్ ఆరక టేకప్ రోల్‌లో వెనక వైపుకు అంటుకుంటుంది. ఆరడం చాలకపోతే ముందువైపు హీటర్ పెంచండి, లేదా పాస్‌లు (ఒకే చోటి మీదుగా హెడ్ ఎన్నిసార్లు వెళ్తుందో ఆ లెక్క) పెంచండి. మధ్య హీటర్ జోలికి వెళ్లకండి, అది హెడ్ కింద ఉంటుంది, నాజిళ్లను కూడా ఎండబెడుతుంది.

ప్రింట్ మీద గీత పడిందంటే వెంటనే హెడ్‌ను నిందించకండి. గీత ఎలాంటిదో చూడండి. వెడల్పంతా, సమాన దూరంలో, అన్ని రంగుల్లో సన్నటి తెల్ల గీతలు వస్తే మీడియా ప్రతి స్టెప్‌కూ (పాస్ అయ్యాక ముందుకు జరిగే ప్రతిసారీ) అవసరం కన్నా ఎక్కువ జరుగుతోంది. అదే చోట ముదురు గీతలు వస్తే తక్కువ జరుగుతోంది. స్టెప్ క్యాలిబ్రేషన్‌తో పోతుంది. ఒక్క రంగులోనే గీత ఉంటే నాజిల్ పోయింది. నిలువు గీతలు, అక్షరాలు రెండుగా కనిపించడం బై డైరెక్షన్ తప్పు. దాన్ని నిర్ధారించాలంటే అదే బొమ్మను ఒకవైపు పాస్‌లోనే ప్రింట్ చేయండి, తప్పు పోతే కారణం దొరికినట్టే. ఫ్లెక్స్‌కూ వినైల్‌కూ మందం, బిగువు వేరు కాబట్టి స్టెప్ విలువలు విడివిడిగా సేవ్ చేసుకోండి. రోల్ సగం తగ్గాక మరోసారి చూడటం మంచిది.

నాజిల్ బలహీనంగా ఉందని హెడ్ వోల్టేజ్ పెంచే అలవాటు కూడా చూస్తుంటాం. హెడ్ లేబుల్ మీద ఉన్న విలువే దాని సరైన వోల్టేజ్. పెంచితే నాలుగు రోజులు ముదురుగా వస్తుంది, ఆ తర్వాత ఇంక్ చుక్కను బయటికి నెట్టే లోపలి పీజో క్రిస్టల్ త్వరగా అలసిపోతుంది.

లామినేషన్ చేయాల్సిన వినైల్‌ను ప్రింట్ అయిన వెంటనే చేయకండి. వదులుగా చుట్టి కనీసం 24 గంటలు ఆరనివ్వండి. సాల్వెంట్ లోపలే చిక్కుకుంటే జిగురు మెత్తబడి, అంటించాక అంచులు లేస్తాయి.

నాజిళ్లు పోతుంటే కారణం పట్టుకోవడం

ఒక నాజిల్ చెక్ చూసి ఏమీ తేల్చలేం. అయిదు నిమిషాల తేడాతో మూడు తీసి, పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రతిసారీ అవే నాజిళ్లు లేకపోతే అవి మూసుకుపోయినట్టు లేదా చచ్చిపోయినట్టు. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ పోతుంటే హెడ్ బాగానే ఉంది, లోపల గాలి తిరుగుతోంది. ఈ ఒక్క తేడా తెలియక మంచి హెడ్లను విప్పి పాడుచేసుకున్నవాళ్లు చాలామంది ఉంటారు.

చెక్ నిండుగా వచ్చి, ప్రింట్ రెండు మూడు మీటర్లు నడిచాక ఒక రంగు మెల్లగా పలచబడితే ఇంక్ అందడం లేదు. అప్పుడు సీసా వైపు నుంచి హెడ్ వైపుకి చూసుకుంటూ రండి: ట్యాంక్ గాలి రంధ్రం మూసి ఉందా, కేబుల్ చైన్‌లో ట్యూబ్ మడత పడిందా, ట్యూబ్‌లో గాలి బుడగలు ఉన్నాయా, డ్యాంపర్ దగ్గర ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు చుట్టు) వదులైందా, డ్యాంపర్ జల్లెడ నల్లగా మూసుకుపోయిందా. రోజంతా నడిచే మెషీన్‌లో డ్యాంపర్‌ను మూడు నుంచి ఆరు నెలలకు మార్చడం మంచిది. మిగతావి చూడకుండా డ్యాంపర్ ఒక్కటే మార్చినా ఓ రింగ్ లీకుంటే నాలుగు రోజుల్లో మళ్లీ అదే గొడవ.

క్లీనింగ్ కొట్టాక నాజిళ్లు పెరగకపోగా తగ్గితే తప్పు క్యాపింగ్‌లో ఉంది. దాన్ని ఇలా పరీక్షించండి:

1. క్యారేజ్‌ను పక్కకు జరిపి, సిరంజీతో క్యాప్‌ను అంచుదాకా క్లీనింగ్ ద్రావణంతో నింపండి.
2. అయిదు నిమిషాలు ఆగండి. మట్టం దిగిపోతే కింద లీకుంది.
3. పంపు నడపండి. కొన్ని సెకన్లలో క్యాప్ ఖాళీ అవ్వాలి. అవకపోతే పంపు ట్యూబ్ అరిగింది, లేదా వేస్ట్ ట్యూబ్‌లో ఇంక్ గడ్డకట్టింది.
4. మళ్లీ నింపి హెడ్‌ను పైకి తెచ్చి క్యాప్ చేసి, పది నిమిషాల తర్వాత తీసి చూడండి. క్యాప్ రబ్బరు అంచు గుర్తు హెడ్ పలక చుట్టూ చతురస్రంగా, తెగకుండా కనిపించాలి. ఒక వైపు గుర్తు లేకపోతే అక్కడ గాలి దూరుతోంది.

రంగులు కలిసిపోతూ పసుపులో నల్లటి చారలు వస్తుంటే కూడా ముందు వేస్ట్ ట్యూబ్ చూడండి. క్యాప్‌లో ఇంక్ నిలిచి, ఆ మురికి ఇంకే నాజిళ్లలోకి తిరిగి ఎక్కుతోంది. వేస్ట్ బాటిల్‌లో ట్యూబ్ కొస ఇంక్‌లో మునగకూడదు, మునిగితే వెనక్కి లాగుతుంది. బాటిల్ మూడు వంతులు నిండగానే ఖాళీ చేయాలి. ఆ ఇంక్‌ను కాలువలో, సింకులో పోయకూడదు. మూత బిగించిన డబ్బాలో దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.

నిజంగా మూసుకుపోయిన నాజిళ్లకు మొదటి మందు నానబెట్టడమే. క్యాప్ నింపి హెడ్‌ను రాత్రంతా దాని మీద ఉంచండి. దీనికి ఇంక్ తయారీదారు ఇచ్చిన మెత్తటి ద్రావణమే వాడాలి. అసిటోన్, పెయింట్ థిన్నర్ హెడ్ లోపలి జిగురును కరిగిస్తాయి. సాల్వెంట్ ఇంక్ హెడ్‌లో నీళ్లు పోస్తే పిగ్మెంట్ ముద్దకడుతుంది. నానినా రాకపోతే డ్యాంపర్ తీసి, 10 మిల్లీలీటర్ల సిరంజీకి మెత్తటి ట్యూబ్ తగిలించి, వడకట్టిన ద్రావణాన్ని దాని బరువుతోనే దిగనివ్వండి. బొటనవేలితో గట్టిగా నొక్కకండి. లోపలి పలకలు చిట్లి రెండు రంగుల గదులు ఒకటైపోతాయి, ఆ హెడ్‌ను ఇక ఎవరూ బాగుచేయలేరు. అల్ట్రాసోనిక్ తొట్టిలో ముంచడం కూడా అంతే ప్రమాదం.

కేబుళ్ల దగ్గర

హెడ్ కేబుల్ పీకే ముందు మెషీన్ ఆఫ్ చేసి, ప్లగ్ కూడా తీసి, పది నిమిషాలు ఆగండి. స్విచ్ ఆపినా బోర్డు మీది కెపాసిటర్లలో కరెంట్ కొంతసేపు నిలిచి ఉంటుంది. గ్లవ్స్ తీసి, పొడి చేతులతో, ఎర్త్ చేసిన ఇనుప భాగాన్ని ఒకసారి తాకి స్టాటిక్ వదిలించుకున్నాక మొదలుపెట్టండి. కేబుల్‌ను తిన్నగా లాగి, తిన్నగానే దూర్చాలి. ఒక పక్క అర మిల్లీమీటరు వంకరగా కూర్చున్నా పక్క పిన్నుకు తగిలి, పవర్ ఇవ్వగానే హెడ్, మెయిన్ బోర్డు రెండూ పోతాయి.

డ్యాంపర్ దగ్గర కారిన ఇంక్ చదును కేబుల్ వెంట పాకుతూ కనెక్టర్‌లోకి చేరుతుంది. అందుకే హెడ్ కడిగేటప్పుడు కనెక్టర్ చుట్టూ పొడి గుడ్డ చుట్టండి. కేబుల్ కొస మీద ఇంక్ మరక కనిపిస్తే దాన్ని తుడిచి వాడటం కన్నా కొత్తది వేయడమే మేలు. కనెక్టర్ లోపల తడి ఉందన్న అనుమానం ఉంటే పూర్తిగా ఆరేదాకా మెషీన్ ఆన్ చేయనే వద్దు.

రాత్రి ఆపేముందు

పది నిమిషాల పని, కానీ హెడ్ ఎన్నాళ్లు ఉంటుందో ఇదే తేలుస్తుంది. ఫోమ్ స్వాబ్‌ను క్లీనింగ్ ద్రావణంలో ముంచి క్యాప్ రబ్బరు అంచులు, వైపర్ (హెడ్ అడుగును తుడిచే రబ్బరు పట్టీ) రెండు ముఖాలు తుడవండి. తర్వాత కొత్త స్వాబ్‌తో హెడ్ చుట్టూ ఉన్న ఫ్రేమ్ అంచులు తుడవండి. అక్కడ పీచూ ఇంకూ కలిసి చిన్న తోకలా వేలాడుతుంది, మర్నాడు ప్రింట్ మీద గీతలా రాసుకుపోయేది అదే. నాజిళ్లున్న పలకను మాత్రం ముట్టుకోకండి. దూది వాడకండి, పీచు వదులుతుంది. క్యాప్ నింపి హెడ్ పార్క్ చేసి, క్యాప్‌కు ఆనిందో లేదో టార్చి వేసి చూడండి. రాత్రిళ్లు తనంతట తాను హెడ్ శుభ్రం చేసుకునే మెషీన్ అయితే మెయిన్ స్విచ్ తీయకుండా వదలండి.

కరెంట్ పోయి యూపీఎస్ కూడా ఆగితే క్యారేజ్‌ను చేత్తో క్యాప్ మీదికి జరపాలి. కొన్ని మెషీన్లలో క్యాప్ మోటారుతోనే పైకి లేస్తుంది, దాన్ని చేత్తో లేపే వీలు ఎక్కడుందో ముందే తెలుసుకుని ఉంచుకోండి. హెడ్ గాలికి తెరిచి ఉన్న ప్రతి పది నిమిషాలూ నష్టమే.

వారానికి, నెలకు

వారానికోసారి ఎన్‌కోడర్ స్ట్రిప్ (క్యారేజ్ ఎక్కడుందో మెషీన్‌కు తెలిపే గీతల పట్టీ) తుడవాలి. కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన పీచులేని గుడ్డతో రెండు వైపులా, వంచకుండా. ఇంక్ క్లీనింగ్ ద్రావణం తగిలితే దాని మీది సన్నటి గీతలు చెరిగిపోతాయి. స్ట్రిప్ మురికైతే బొమ్మ మధ్యలో పక్కకు జరుగుతుంది, లేదా క్యారేజ్ ఆగకుండా చివరికి వెళ్లి ఢీకొంటుంది. క్యారేజ్ జరిగే పట్టా (రైల్) మీద పాత నూనె, ఇంక్ పొడి పూర్తిగా తుడిచాకే కొత్తగా మాన్యువల్‌లో చెప్పిన గ్రీజు లేదా నూనె పలచగా రాయండి. తుప్పు వదిలించే స్ప్రేలు దీనికి పనికిరావు, ఉన్న నూనెను కూడా కడిగేస్తాయి. నెలకోసారి బోర్డుల ఫ్యాన్ల దుమ్ము, బెల్టు బిగువు చూడండి. వైపర్, క్యాప్ టాప్ రబ్బరు గట్టిపడితే, అంచు చిట్లితే నెలలు లెక్కపెట్టకుండా మార్చేయండి.

ఇంక్ బ్రాండ్ మార్చాలనుకుంటే కొత్తది పాతదాని మీద పోయకండి. రెండు ఇంకుల రసాయనం పడకపోతే ట్యూబుల్లోనే గడ్డకడుతుంది. ట్యాంక్, ట్యూబులు, డ్యాంపర్లు అన్నీ ద్రావణంతో కడిగి, కొత్త డ్యాంపర్లు వేసి అప్పుడు నింపాలి.

కొన్నాళ్లు ఆపాల్సి వస్తే

రెండు మూడు రోజులైతే క్యాప్ నింపి ఉంచితే చాలు, రోజు విడిచి రోజు ఒక నాజిల్ చెక్, ఒక చిన్న రంగుల పట్టీ తీయండి. వారం దాటేటట్టయితే ఇంక్ ట్యూబులను సీసాల నుంచి తీసి, క్లీనింగ్ ద్రావణంలో పెట్టి, వేస్ట్ ట్యూబ్‌లో వచ్చేది తేటపడేదాకా పంపండి. హెడ్‌లో ద్రావణం నింపి ఉంచి క్యాప్ చేయండి, ఖాళీగా వదలకండి. లోపల మిగిలిన పలచటి ఇంక్ పొర గాలి తగిలి ఎండుతుంది. తిరిగి మొదలుపెట్టే రోజు ద్రావణమంతా బయటికి పోయి రంగులు ముదురుగా వచ్చేదాకా ఇంక్ లాగండి. అరగంట ఆగి నాజిల్ చెక్ తీసి, నిండుగా వచ్చాకే రోల్ ఎక్కించండి.